ఆ అమ్మాయికి ధైర్యం చాలదని రాశాను

ఎన్ని శిఖరాలు?

కిందటి నెల, బండలెక్కించే మా పనిలో కొత్తగా చేరిన ముగ్గురమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. గ్లాసు కింద పెట్టకముందే ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, మొత్తం ఎన్ని శిఖరాలెక్కారు?" అని.

"ఒకటి," అన్నాను. "ఇంకొకటి ముప్పాతిక."

ముగ్గురి మొహాలూ చూడాలి! పెళ్ళి భోజనానికని వచ్చి ఉప్మా తిన్నవాళ్ళలా అయిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. మహిళా దినోత్సవం వచ్చిందంటే బెంగళూరులో ఏదో ఒక బడివాళ్ళు నన్ను వేదిక మీద కూర్చోబెట్టి, "పర్వతాలనే పాదాల కిందికి తెచ్చుకున్న ధీరవనిత" అని కాగితం చూసి చదివి, శాలువా కప్పి పంపుతారు. అలాంటి శాలువాలు మా ఇంట్లో పదకొండు ఉన్నాయి. ఒక్కటీ చలికి ఆగదు. కొండలెక్కే మనిషికి ఇచ్చేది కాస్త వెచ్చగా ఉండాలని ఎవరికీ తట్టదు.

నా పాదాల కిందికి ఏ పర్వతమూ రాలేదు. నేనే బండల పాదాల దగ్గర నిలబడ్డాను. తొంభైల మొదట్లో చేరింది మొదలు ఇరవై ఏళ్ళ దాకా, బెంగళూరు చుట్టుపక్కల రామనగర, సావనదుర్గ, తురహళ్ళి బండల కింద నిలబడి, చేత్తో తాడు పట్టుకుని, తల పైకెత్తి చూడడం నా ఉద్యోగం. ఎక్కేవాళ్ళు జారితే తాడు బిగించి ఆపాలి. జారకపోతే ఊరికే నిలబడాలి. రిటైరయ్యాక మెడనొప్పని డాక్టరు దగ్గరికి వెళ్తే, "కంప్యూటర్ ముందు ఎక్కువసేపు కూర్చునేవారా?" అన్నాడు. "లేదండీ, ఆడపిల్లల్ని చూస్తూ నిలబడేదాన్ని," అన్నాను. ఆయన పెన్ను ఆపి నన్నొకసారి ఎగాదిగా చూశాడు.

ఆ ముగ్గురమ్మాయిలూ నా దగ్గర శిఖరం కథ వినాలనుకున్నారు. నేను చెప్పాలనుకున్నది బండ మీదికి ఎక్కని ఒక అమ్మాయి కథ, ఆమె విషయంలో నేను చేసిన తప్పు. ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్న పిల్లలతో అది చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

చెంగప్ప సార్ తెలుగు

నాకు ఉద్యోగం ఇచ్చినాయన చెంగప్ప సార్. కొడగువారు, సైన్యంలో పనిచేసి వచ్చారు. ఒక గది, ఒక ఇనప బీరువా, అందులో ఆరు తాళ్ళు, బయట ఒక బోర్డు. ఇదే మా పర్వతారోహణ పాఠశాల. నేను బీకామ్ చదివి, బ్యాంకు పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పి, కాలేజీలో నేర్చుకున్న బండలెక్కే విద్య ఒక్కటే మిగిలి ఆయన దగ్గరికి వెళ్ళాను.

మాది ముళబాగిలు వైపు నుంచి మా తాత కాలంలో బెంగళూరు చేరిన కుటుంబం. మొదటి జీతం తెచ్చిన రోజు మా అమ్మ దాన్ని దేవుడి ముందు పెట్టి, నన్ను అనుమానంగా చూసి, "బండలెక్కేదానికి జీతమిస్తారా? మన ఊర్లో మేకలు జీతం లేకుండా సుమ్మనే ఎక్కుతాయి గదే," అంది.

చెంగప్ప సార్‌కు తెలుగు వచ్చు. సైన్యంలో ఒక అనంతపురం హవల్దారు నేర్పాడట. ఆ హవల్దారుకు నేర్పడానికి దొరికిన సందర్భాలు ఎలాంటివోగానీ, సార్ తెలుగులో ముప్పాతిక వంతు తిట్లే. మెచ్చుకోవాలంటే ఆయనకు మాట దొరికేది కాదు. కన్నడంలోకి పోయి, అక్కడా దొరక్క, "హ్మ్" అని ఊరుకునేవారు. నేను ఏళ్ళ తరబడి ఆ "హ్మ్" కోసమే పనిచేశాను.

ఆయన దగ్గర నేర్చుకున్న మంచి ఒకటుంది. ప్రతి సోమవారం బీరువా తీసి, ప్రతి తాడునూ మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడాలి. కళ్ళు మోసం చేస్తాయి, వేళ్ళు చేయవు అనేవారు. ఆయన దగ్గరే చెడ్డది కూడా ఒకటి అంటించుకున్నాను. ఆయనకు మనుషుల్ని కొలిచే కొలత ఒక్కటే: గుండె ఉందా, లేదా? ఉన్నవాళ్ళు పైకి, లేనివాళ్ళు ఇంటికి. ఆ కొలత నేను అలాగే తీసుకుని, దానికి నా నోటిని జోడించాను.

నా నోరు

నా నోటి గురించి బెంగళూరులో బండలెక్కిన వాళ్ళందరికీ తెలుసు. భయపడ్డ మనిషిని బతిమాలితే ఇంకా బిగుసుకుపోతారు. నవ్విస్తే ఒళ్ళు వదులవుతుంది, కాలు కదులుతుంది. ఇది నేను కనిపెట్టిన విద్య కాదుగానీ, నా అంత బాగా ఎవరూ వాడలేదని మాత్రం చెప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటాక వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల నుంచి బస్సులు రావడం మొదలైంది. టీమ్ బిల్డింగ్ అనేవారు. మన తెలుగువాళ్ళే ఎక్కువ. ఒక టీమ్ లీడరు, కడప అబ్బాయి, ధర చీటీ కూడా పీకని కొత్త బూట్లతో వచ్చి, ఇద్దరు మనుషుల ఎత్తు ఎక్కి, బండను రెండు చేతులా కావలించుకుని ఆగిపోయాడు. కింద అతని టీమంతా ఫోటోలు తీస్తోంది. "ఏమప్పా, ఆ బండకు ప్రమోషన్ కావాల్నంటనా? అంతసేపు మాట్లాడుతుండావు?" అన్నాను. పకపకా నవ్వాడు, నవ్వులోనే ఎడమకాలు పైకి పెట్టాడు. ఆ తర్వాత ప్రతి సంవత్సరం వచ్చేవాడు.

ఆడవాళ్ళ దగ్గర నా నోరు ఇంకా ఎక్కువ పనిచేసింది. "పడతావు, జాగ్రత్త" అనే మాట పుట్టినప్పటి నుంచి వింటూ వచ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళను ఎక్కగలిగినవాళ్ళుగా లెక్కేసి ఎగతాళి చేసినవాళ్ళు లేరు. నేను చేశాను. నలుగురు పిల్లల తల్లులు, బ్యాంకు ఆఫీసర్లు, డిగ్రీ పిల్లలు నా మాటలకు ఉడుక్కుని పైకెక్కి, పైనుంచి నన్ను తిట్టారు. ఆ తిట్లు నాకు శాలువాలకంటే ఇష్టం.

దాంతో, ఆ బస్సులు రాకముందే, చేరిన మొదటి ఏళ్ళలోనే నాకొక నమ్మకం బలపడింది. బండ కింద నిలబడి ఆడమనిషి "వద్దు" అందంటే, ఆ మాట ఆమెది కాదు, ఆమె ఇంటివాళ్ళు నేర్పిన భయానిది. దాన్ని వినకూడదు. దాదాపు ప్రతిసారీ నా లెక్క నిజమైంది. అన్నిసార్లు నిజం కావడమే నన్ను చెడగొట్టింది.

రత్న

తొంభైల నడుమ సంగతి. నాగరత్న అనే అమ్మాయి మా ఆదివారం బ్యాచ్‌లో చేరింది. ఇరవై రెండేళ్ళుంటాయి. అమ్మానాన్నలు హిందూపురం దగ్గరి పల్లె నుంచి కట్టడాల పనికి వచ్చి బొమ్మనహళ్ళిలో ఉండిపోయారు. రత్న అక్కడే ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకర్. కుట్టిన చొక్కాలు ఆమె బల్ల మీదికి వస్తాయి. కుట్టు సరిగ్గా ఉంటే పాస్, లేకపోతే సుద్దతో గుర్తుపెట్టి వెనక్కి. ఆమె దాటిస్తేనే పెట్టెలోకి.

ఫ్యాక్టరీ వాళ్ళను పిక్నిక్ కోసం రామనగర తీసుకొచ్చినప్పుడు, అందరూ పులిహోర తింటుంటే ఈ అమ్మాయి రెండు గంటలు మమ్మల్ని చూస్తూ నిలబడింది. మరుసటి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చేసింది.

రత్న ఎక్కే పద్ధతి నాకు నచ్చేది కాదు. నిదానం. ప్రతి పట్టునూ ముందు వేలితో తడిమి, తట్టి, తర్వాత చెయ్యేసేది. "రత్నా, అది బండ తల్లీ, చొక్కా కాదు. తిరగేసి చూడనక్కర్లేదు," అనేదాన్ని. బ్యాచంతా నవ్వేది, తనూ నవ్వేది, వేగం మాత్రం పెంచేది కాదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ జారలేదు. జారకపోవడం గొప్పగా నాకు తోచలేదు. చప్పగా తోచింది.

మా గదిలో గోడకు మంచుకొండ ఫోటో ఒకటుండేది. రత్న ఎప్పుడొచ్చినా దాని ముందు ఆగేది. ఒకరోజు, "మంచు తాకితే ఎట్లుంటాది మేడమ్?" అని అడిగింది.

"ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూడు."

"మా ఇంట్లో ఫ్రిజ్ లేదు మేడమ్. కొండకే పోవల్ల."

ఉత్తరాదిలో ఇరవై ఎనిమిది రోజుల శిక్షణ ఉంటుంది. మంచు మీద నడక, తాళ్ళు, గుడారాలు, చివర్న ఒక చిన్న శిఖరం. అది పూర్తిచేస్తేనే పై శిక్షణలకు దారి. మా పాఠశాల నుంచి ఆ సంవత్సరం ఇద్దరిని పంపవచ్చు, కానీ శిక్షకురాలి ఉత్తరం కావాలి. రత్న ఫ్యాక్టరీ మేనేజరు వెంట మూడు నెలలు తిరిగి ఇరవై ఎనిమిది రోజుల రజా, అదే సెలవు, సంపాదించింది. "ఈ ఒక్కసారే, మళ్ళా అడగొద్దు," అన్నాడట ఆయన. ఉన్ని మేజోళ్ళు కొనుక్కుంది. ఇక కావలసింది నా ఉత్తరం ఒక్కటే.

నూగు

ఉత్తరం రాయబోయే ముందటి ఆదివారం రామనగరలో ఉన్నాం. బ్యాచ్‌లో పద్నాలుగు మంది.

ఎక్కేవాళ్ళ నడుముకూ తొడలకూ కట్టే పట్టీలను హార్నెస్ అంటారు. తాడు దానికే ముడేస్తాం. జారినప్పుడు మనిషి బరువంతా ఆ పట్టీల కుట్ల మీదే వేలాడుతుంది. ఆ రోజుల్లో విదేశాల సరుకు మాకు అందేది కాదు. అందుకని పీణ్యలో సంచులు కుట్టే శ్రీనివాసప్ప చేత, నా కొలతలతో నేనే కుట్టించేదాన్ని. అది నా గర్వం. శనివారం సాయంత్రమే కొత్తది ఒకటి తెచ్చాను, ఎర్ర పట్టీ, ఎర్ర దారం. రత్నకు గౌరవంగా ఉంటుందని మొదట తనకే ఇచ్చాను.

రత్న కట్టుకోలేదు. తిరగేసింది. కుట్టు మీద గోరు పెట్టి లాగింది. ఒక దారం కొసను రెండు వేళ్ళ మధ్య నలిపి, ఎండకు పట్టి చూసింది.

"మేడమ్, ఇది నేను కట్టుకోను."

"ఎందుకు?"

"దారం సరిలేదు. నూగు ఉండాది చూడండి. నైలాన్‌కు నూగుండదు. కాటన్ అనిపిస్తాంది."

పద్నాలుగు మంది చూస్తున్నారు. నేను కొలిచి, నేను కుట్టించి, నేను మెచ్చుకున్న హార్నెస్. నా నోరు ఆగలేదు.

"రత్నా, భయమైతే భయమని చెప్పు. పాపం దారం మీదికి నెట్టకు. దానికి నోరు లేదు."

అందరూ నవ్వారు. రత్న నవ్వలేదు.

"ఈ కుట్టు నేనైతే పాస్ చెయ్యను మేడమ్. ఇంకోటి ఇయ్యండి, ఎక్కుతాను."

ఈ మాట చదివేవాళ్ళు జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నేను ఆ రోజు జాగ్రత్తగా వినలేదు. ఆమె ఎక్కననలేదు. ఇంకొకటి ఇవ్వమంది. పాతవి నాలుగు పక్కనే ఉన్నాయి. నేను మాత్రం, "ఈ పొద్దు ఇదే. కట్టుకుంటే ఎక్కు, లేకపోతే కూర్చో," అన్నాను.

రత్న వెళ్ళి నీడన కూర్చుంది.

దీప అనే కాలేజీ పిల్లను పిలిచి అదే హార్నెస్ కట్టాను. దీప పాట పాడుకుంటూ ఎక్కి, పాడుకుంటూ దిగింది. ఎక్కడా జారలేదు, తాడు మీద బరువు పడనేలేదు. "చూశావా?" అన్నాను రత్నతో. ఆమె నా వైపు చూడలేదు. దీప ఎక్కిన మొదటి అడుగు నుంచి దిగిన చివరి అడుగు దాకా ఆమె దీప నడుమునే చూస్తూ ఉంది.

సోమవారం ఉత్తరం రాశాను. దీపను పంపమన్నాను. రత్న గురించి, "ధైర్యం చాలదు. కొత్తది ఎదురైతే వెనకడుగు వేస్తుంది. ఈ ఏడాది పంపవద్దని నా అభిప్రాయం," అని రాసి, సంతకం చేసి, పోస్టు డబ్బాలో నా చేతులతోనే వేశాను. రత్నకు కబురు పంపాను.

అగ్గిపుల్ల

గురువారం పొద్దున, నంబరు రాద్దామని ఇంటికి తెచ్చుకున్న కొత్త హార్నెస్ బల్ల మీద ఉంది. స్టవ్ వెలిగించి, ఆ అగ్గిపుల్ల ఆర్పబోతూ ఆగాను. ఎందుకో దాని కుట్టు కొస నుంచి ఒక దారం లాగి నిప్పు తగిలించాను.

నైలాన్ కాలితే కరుగుతుంది, చల్లారాక చిన్న గట్టి పూసలా అవుతుంది. ఇది వత్తిలా కాలింది. బూడిదైంది. గుడ్డ కాలిన వాసన వచ్చింది. పాత హార్నెస్ నుంచి దారం తీసి కాల్చాను. పూసైంది. మళ్ళీ కొత్తది. మళ్ళీ బూడిద.

"ఏందే, పొద్దున్నే గుడ్డలు కాలుస్తాండావు?" అని అమ్మ గదిలోంచి కేకేసింది.

నేను నేల మీద కూర్చుండిపోయాను. దీప పాట చెవుల్లో మోగింది. ఆ పిల్ల ఒక్కసారి కాలు జారి ఉంటే! ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా వినపడితే రేడియో కట్టేస్తాను.

పీణ్య వెళ్ళాను. శ్రీనివాసప్ప మిషను ముందు నుంచి లేచి నిలబడ్డాడు. "ఔనమ్మా. నైలాన్ దారం అయిపోయిండె. ఇది రంగు సరిగ్గా కలిసె, ఒక్కదానికే గదా అని వేసేస్తిని. ఆదివారానికి కావల్లని మీరే గదమ్మా తొందర చేస్తిరి?" అన్నాడు. తొందర చేసింది నేనే, అవును. అతనికి సంచులు తెలుసు. ఆ పట్టీకి మనిషి బరువు వేలాడుతుందని తెలుసుకోవలసిన బాధ్యత నాది, చెప్పవలసిన బాధ్యతా నాదే.

పక్క షెడ్డులో యంత్రాలు ఎత్తే గొలుసు కప్పీ ఉంది. దానికి కొత్త హార్నెస్ తగిలించి, కింద ఇనుము కట్టి, కొద్దికొద్దిగా బరువు పెంచాం. చప్పుడు చేస్తూ, జిప్పు తీసినట్టు కుట్టంతా విడిపోయింది. పాతదాన్ని అలాగే లాగితే కదల్లేదు. శ్రీనివాసప్ప తలబాదుకున్నాడు. ఆ రోజు నుంచి దారం ఉండ నేను కొని తెచ్చి ఇస్తేనే కుట్టేవాడు.

సాయంత్రం చెంగప్ప సార్‌కు అంతా చెప్పాను. ఆయన దగ్గరున్న తెలుగంతా వినడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆయన ఒక్క తిట్టూ తిట్టలేదు.

"ఆ పిల్ల ఇంకోటి అడిగిందా?" అన్నారు.

"అడిగింది సార్."

"నువ్వు ఇయ్యలేదు."

"లేదు సార్."

"గుండె లేదు, గుండె లేదు అని నేనూ చాలామందికి రాసినాను సుగుణా. వాళ్ళు ఏం చూసి ఆగినారో ఒక్కర్నీ అడగలేదు," అన్నారు. తర్వాత ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ఉత్తరాదిలోని ఆ శిక్షణ కేంద్రానికి ఫోన్ చేశారు. మా ఉత్తరం ఇంకా చేరలేదు. కానీ సోమవారమే ఫోనులో పేర్లు అడిగారట, సార్ నా మాట మీదే దీప పేరొక్కటే చెప్పారట. రెండో సీటు వేరే ఊరివాళ్ళకు పోయింది. వచ్చే ఏడాది చూద్దామన్నారు.

నవ్వినవాళ్ళు ఎక్కడున్నారు?

బొమ్మనహళ్ళిలో ఫ్యాక్టరీ వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. వందలాది ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో బయటికొస్తున్నారు. రత్న నన్ను చూసి ఆగింది. పక్కనున్న టీకొట్టు దగ్గర నిలబడి అగ్గిపుల్ల సంగతి, పీణ్య సంగతి, సీటు పోయిన సంగతి చెప్పి, తప్పయిందన్నాను. అన్నేళ్ళ నా నోటికి ఆ చిన్న మాట పలకడం ఎంత కష్టమైందో!

రత్న టీ తాగడం పూర్తి చేసింది. కోపంగా లేదు. నాకు కోపమే బాగుండేది.

"దీప బాగుండాది గదా మేడమ్?"

"బాగుంది."

"సరే." గ్లాసు పక్కన పెట్టి అంది, "ఈడ నాకొక్కదానికే చెప్తే ఎట్ల మేడమ్? నవ్వినోళ్ళు ఆడ ఉండారు గదా."

ఆదివారం రామనగరలో పద్నాలుగు మందినీ బండ ముందు కూర్చోబెట్టి, విడిపోయిన ఎర్ర హార్నెస్ చేతిలో పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. రత్న గురించి రాసిన మూడు వాక్యాలూ పొల్లుపోకుండా అప్పజెప్పాను. దీప ఏడ్చేసింది. తన ఏడుపు నేను ఆపలేకపోయాను, రత్న వెళ్ళి పక్కన కూర్చుంది.

తర్వాత రత్న సంచిలోంచి దర్జీ సుద్ద తీసింది. ఎవరూ అడగలేదు. హార్నెస్‌లన్నీ బండ మీద పరిచి, ఒక్కొక్కటే గోరుతో, వేళ్ళతో, ఎండలో చూసి రెండు కుప్పలు పెట్టింది. పాస్, రిజెక్ట్. చివర్లో చెయ్యి చాచింది. నేను కట్టుకున్నది విప్పి ఇచ్చాను. ఏళ్ళుగా నా నడుమును అంటిపెట్టుకుని ఉన్నది, నా ఒక్క శిఖరమూ ఎక్కింది దానితోనే. రత్న దాని అంచు మీద వేలు జరిపి, సుద్దతో పెద్ద గీత గీసి, రిజెక్ట్ కుప్పలో పడేసింది.

"అంచు అరిగిపోయుండాది మేడమ్."

వెనక కుర్రాళ్ళిద్దరు కిసుక్కుమన్నారు. నేనైతే ఇంకో మాట కలిపి ఇంకాస్త నవ్వించేదాన్ని. రత్న వెనక్కి తిరిగి, "నవ్వొద్దండప్పా," అంది. వాళ్ళు ఆపేశారు. ఆ రోజు నేను తాడు ముట్టుకోలేదు. ఎక్కేవాళ్ళను చూస్తూ దూరంగా కూర్చున్నాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన అమ్మాయిలకు చెప్పదలచింది ఇక్కడే చెప్పేస్తాను. ఎగతాళి మానకండి, అది మంచి పనిముట్టు. నేనిప్పటికీ మానలేదు. కానీ బండ కింద ఎవరైనా వద్దు అంటే, నోరు తెరిచే ముందు "ఏం చూశావు?" అని అడగండి. ఏమీ చూడలేదంటే అప్పుడు ఎంతైనా ఆటపట్టించండి. చూశానంటే పోయి చూడండి. మీకంటే బాగా చూసేవాళ్ళు మీ దగ్గరికి నేర్చుకోవడానికి వస్తారు. ఈ ఉద్యోగంలో కష్టమైంది అదే. తాడు పట్టడం నెలరోజుల్లో వచ్చేస్తుంది.

రజా

మరుసటి ఏడాది రజా కోసం నేనే మేనేజరును కలిశాను. కుప్పం వైపు మనిషి. పొట్టిగా, హడావుడిగా, మెడలో కొలత టేపుతో ఉన్నాడు.

"మంచులో ఏముండాదమ్మా? ఎండాకాలం వస్తే ఈడే ఐస్ తెప్పిస్తా, ఎంత కావాల్నంటే అంత," అన్నాడు.

"ఆ అమ్మాయికి కొండ మీది మంచే కావాలట సార్."

"ఇరవై ఎనిమిది దినాలు! ఆయమ్మ బల్ల దాటిన పెట్టె ఒక్కటీ ఇంతవరకూ వెనక్కి రాలేదు, తెలుసా మీకు? ఆయమ్మ పాస్ అంటే నేను కండ్లు మూసుకొని సంతకం పెడతాను."

"నాతో కూడా ఒకసారి రిజెక్ట్ అంది సార్. నేను కండ్లు తెరుచుకుని వినలేదు. పోయినసారి సీటు పోయింది నా వల్లే."

కథంతా చెప్పమన్నాడు. చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వాడు. "దారం గురించి రత్నతో వాదించినారా? మీరు? అయ్యో దేవుడా!" అని, గుమాస్తాను పిలిచి మళ్ళీ చెప్పించాడు. గుమాస్తా కూడా నవ్వాడు. నన్ను చూసి అన్నిసార్లు ఎవరూ నవ్వలేదు. నోరు మూసుకుని భరించాను, రజా కావాలి కదా. చివరికి కళ్ళు తుడుచుకుని, "ఇద్దరు పిల్లలకు పని నేర్పించి పొమ్మని చెప్పండి. వాపసొచ్చినాక బల్ల ఆమెదే," అన్నాడు.

కొత్త ఉత్తరంలో ఒక్క వాక్యం రాశాను: "తాడు ఈమె చేతిలో ఉంటే నేను ఎక్కుతాను." చెంగప్ప సార్ దాన్ని రెండుసార్లు చదివి, "హ్మ్" అని, కింద తన సంతకం పెట్టారు.

తిరిగొచ్చిన రోజు

రైలు దిగి రత్న సరాసరి మా గదికే వచ్చింది. మొహం నల్లబడి, ముక్కు తోలు ఊడి, పెదాలు పగిలి ఉన్నాయి. వీపున సంచి. సార్ లేచి తన కుర్చీ ఇచ్చారు. శిక్షణ బాగా పూర్తిచేసింది, శిఖరం ఎక్కింది, పై శిక్షణకు రమ్మన్నారు. అవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆమె చెప్పింది మాత్రం, మంచు తాకితే మొదట చల్లగా కాదు, సుర్రుమని కాలినట్టుంటుందని. ఫ్రిజ్ సంగతి ఎత్తకుండా నేను తల వంచుకున్నాను.

నాకు పట్టరాని సంతోషం. దానితోపాటు ఏడాదిగా గుండెలో ఉన్నది కూడా బయటికొచ్చింది.

"నీకు ధైర్యం చాలదని రాశాను చూడు రత్నా," అన్నాను. "ఎంత తప్పు రాశాను!"

రత్న అడ్డంగా తలూపింది.

"అది తప్పు గాదు మేడమ్. నాకు భయమే. ఆ పొద్దూ భయమే, మంచులో ఇరవై ఎనిమిది దినాలూ భయమే." సంచి విప్పి, తడి మేజోళ్ళు కిటికీలో ఆరేస్తూ అంది, "భయం లేకుంటే కుట్టెందుకు చూస్తాను?"